విప్పి బిగించగల గిటార్

1950ల మొదట్లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఉన్న లియో ఫెండర్ కార్ఖానాకు వాద్యకారులు తరచూ వచ్చిపోతుండేవారు. వాళ్ళలో బిల్ కార్సన్ ఒకడు. డాన్సు హాళ్ళలో వెస్టర్న్ స్వింగ్ బృందాలతో రాత్రి పొద్దుపోయేదాకా వాయించే మనిషి. అతను వాడేది ఆ కార్ఖానాలోనే తయారైన టెలికాస్టర్. ఒకటి ముప్పావు అంగుళాల మందమున్న చెక్కపలక, అంచులు కోసినవి కోసినట్టే ఉండేవి. గంటల తరబడి వాయిస్తే ఒక అంచు పక్కటెముకల్లోకి దిగేది, ఇంకొకటి ముంజేతిని ఒరుసుకునేది. దానికి తోడు శ్రుతి బాధ ఒకటి. టెలికాస్టర్‌లో తీగల కొసలు ఆనే బ్రిడ్జి మీద ఆరు తీగలకు మూడే శాడిళ్ళు, అంటే రెండేసి తీగలు ఒకే ఆధారం మీద ఆనాలి. తీగను మెట్టు మీద నొక్కినప్పుడు అది కొద్దిగా సాగి స్వరం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది తీగ మందాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఏ తీగకు ఆ తీగ పొడవు విడిగా సర్దుకోగలగాలి. జంటలో ఒకదాన్ని సరిచేస్తే రెండోది తప్పుతుంటే శ్రుతి కుదిరేదెట్లా? రెక్స్ గాలియన్ అనే మరో గిటారిస్టు కూడా వాద్యం ఒంటికి అమరాలని లియో దగ్గర మొరపెట్టుకున్నాడు.

లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. 1909లో పుట్టాడు, లెక్కలు చదివి గుమస్తాగా పనిచేశాడు, మాంద్యం రోజుల్లో ఉద్యోగం పోతే రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. పాడైన ఆంప్లిఫయర్లు, మైకులు ఆ దుకాణానికి వచ్చేవి. ఏ భాగం ముందు చెడిపోతుందో, దాన్ని బయటికి తీయడానికి ఎంత అవస్థ పడాలో అతనికి చేతి అనుభవం. అందుకే ఏ భాగమైనా స్క్రూడ్రైవరుతో తీసి మళ్ళీ పెట్టుకునేలా ఉండాలన్న పట్టుదల అతని ప్రతి డిజైనులోనూ కనిపిస్తుంది. వాయించడం రాని మనిషి కనుక వాయించేవాళ్ళు చెప్పింది వినక తప్పలేదు. ఈ రెండు గుణాలూ కలిసి 1954లో స్ట్రాటోకాస్టర్, పొట్టిగా స్ట్రాట్, పుట్టింది.

ఆ గిటార్ ఇప్పటికీ దాదాపు అదే రూపంలో తయారవుతోంది. విద్యుత్ వాద్యాల్లో ఇంతకాలం నిలిచిన రూపాలు వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గవి. నా ఉద్దేశంలో అది నిలవడానికి కారణం లియో దాన్ని పరిపూర్ణంగా చేయడం కాదు. వాద్యకారులు తమకు తోచినట్టు వాడుకోవడానికి అందులో చోటు మిగిలింది. ఆ చోటు ఎక్కడెక్కడుందో తెలియాలంటే గిటార్‌ను ముక్కముక్కగా విప్పి చూడాలి.

ముందు గట్టి చెక్క సంగతి. మామూలు గిటార్‌కు బోలు పెట్టె ఉంటుంది. సన్నటి తీగ గాలిని చీల్చుకుపోతుందే గాని నెట్టలేదు. కంపనం బ్రిడ్జి ద్వారా పెట్టె పైపలకకు చేరి, ఆ వెడల్పాటి పలక గాలిని నెడితేనే మనకు వినబడుతుంది. ట్రంపెట్లు, డ్రమ్ములు ఉన్న బృందంలో ఆ చప్పుడు ఏ మూలకూ చాలదు. పోనీ మైకు పెడదామంటే, లౌడ్‌స్పీకరు ధ్వని తిరిగి వచ్చి పైపలకను ఊపుతుంది, ఆ ఊపు మళ్ళీ స్పీకరులోంచి వస్తుంది, క్షణంలో హాలంతా కూత. పెళ్ళిపందిట్లో మైకు కీచుమన్నప్పుడు జరిగేదీ ఇదే.

గాలిలోని ధ్వనిని వదిలేసి తీగ కదలికనే నేరుగా పట్టుకోవాలన్న ఆలోచన 1931లో లాస్ ఏంజెలెస్‌లో ఫలించింది. జార్జ్ బీచమ్ అనే వాద్యకారుడు అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్‌తో కలిసి హవాయి పద్ధతిలో ఒడిలో పెట్టుకుని వాయించే విద్యుత్ గిటార్ చేశాడు. దాని వెనకున్నది ఫారడే 1831లో చూపిన సూత్రం. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారితే చుట్టలో విద్యుత్తు ప్రేరితమవుతుంది. ఉక్కు తీగ అయస్కాంతం దగ్గర అటూ ఇటూ కదిలితే ఆ అభివాహం సెకనుకు తీగ ఎన్నిసార్లు కంపిస్తే అన్నిసార్లు హెచ్చుతగ్గులవుతుంది. చుట్టలో పుట్టిన ఆ చిన్న విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచుతుంది. ఇక బోలు పెట్టెతో పనిలేదు, కూత బెడదా చాలావరకు పోయింది.

గట్టి చెక్క వల్ల ఇంకో లాభం కలిగింది. బోలు పెట్టె తీగలోని శక్తిని త్వరగా గాలికి అప్పగించేస్తుంది. గట్టి చెక్క మీద ఆ శక్తి తీగలోనే నిలుస్తుంది, స్వరం సాగుతుంది. ఈ గుణం విలువ పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ వాయిద్యం విన్న తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు, మీటగానే మోగి ఆరిపోయే స్వరం. గమకానికి అందులో తావు తక్కువ. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ చేపట్టి, జతలు తీసేసి ఐదు ఒంటి తీగలతో వాయించారు. ఒక్క మీటుతో పుట్టిన స్వరం అంతసేపు నిలిచింది కాబట్టే దాన్ని లాగి, ఊపి, జార్చి రాగాన్ని రాగంలా పలికించగలిగారు. అమెరికా డాన్సు హాలు గోల కోసం కనిపెట్టిన ఉపాయం కర్ణాటక కచేరీలో ఇంత సూక్ష్మమైన పనికి అక్కరకొచ్చింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇప్పుడు తీగ కదలికను పట్టే ఆ అయస్కాంతం, చుట్టల జోడు, అంటే పికప్. స్ట్రాటోకాస్టర్ పికప్‌ను మూత తీసి చేతిలో పెట్టుకుంటే ఇంత పేరున్న వస్తువు ఇంత సాదాగా ఉంటుందా అనిపిస్తుంది. ఫైబర్ రేకులు రెండు, వాటి మధ్య నిలబెట్టిన ఆరు ఆల్నికో కడ్డీలు, తీగకొకటి చొప్పున. ఆల్నికో అంటే ఇనుముతో అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన అయస్కాంత లోహం. కడ్డీల చుట్టూ ఎనామెల్ పూత వేసిన రాగితీగ. ఆ తీగ మందం 0.06 మిల్లీమీటరు, చుట్లు సుమారు ఎనిమిది వేలు. 1950ల్లో ఈ చుట్టే పని చేసినవాళ్ళు ఆడవాళ్ళు. మర గిరగిరా తిరుగుతుంటే తీగను వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ నడపాలి. బిగువు ఎక్కువైతే తెగిపోతుంది, తక్కువైతే చుట్ట వదులవుతుంది. 1956లో ఆ కార్ఖానాలో చేరిన అబిగైల్ ఇబార్రా దశాబ్దాల పాటు ఈ పనిలోనే ఉన్నారు. ఆమె చుట్టిన పికప్పుల కోసం గిటారిస్టులు ఇప్పటికీ వెతుకుతారు.

ఆ వెతుకులాటలో అర్థముంది. ఇంత తీగ చుట్టిన చుట్టకు రెండు హెన్రీలకు కాస్త పైన స్వయంప్రేరకత్వం ఉంటుంది. గిటార్ నుంచి ఆంప్‌కు పోయే కేబుల్‌కు కొన్ని వందల పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిస్తే అది ఒక అనునాద వలయం. స్ట్రాట్ విషయంలో ఆ అనునాదం సుమారు 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో వస్తుంది. ఆ చుట్టుపక్కలున్న పౌనఃపున్యాలు పైకి లేస్తాయి, వాటిని దాటినవి వేగంగా పడిపోతాయి. మనిషి చెవి బాగా చురుగ్గా ఉండేది కూడా 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యనే. స్ట్రాట్ స్వరంలో అందరూ చెప్పుకునే ఆ తళుకు ఈ కలయిక వల్ల వచ్చింది. చుట్లు కొన్ని వందలు ఎక్కువైనా తక్కువైనా, చేత్తో నడపడంలో వరసలు అడ్డదిడ్డంగా పడినా ఆ శిఖరం కొద్దిగా జరుగుతుంది. ఒకే ఏడాది తయారైన రెండు గిటార్లు ఒకేలా పలకకపోవడానికి అదొక కారణం. కేబుల్ మార్చినా శిఖరం జరుగుతుంది. పొడవాటి కేబుల్ పెట్టిన రోజు గిటార్ గొంతు ఎందుకు మూగబోయిందా అని చెక్కను అనుమానించేవాళ్ళు ముందు కేబుల్‌ను చూడాలి.

స్ట్రాట్ మీద ఇలాంటి పికప్పులు మూడు. మూడూ దాదాపు ఒకేలాంటివి, తీగా ఒక్కటే. మరి స్విచ్ జరిపితే గొంతు ఎందుకు మారుతుంది? ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో సోనామీటరు మీటినవాళ్ళకు బిగించిన తీగ సూత్రాలు గుర్తుండే ఉంటాయి. మీటిన తీగలో ప్రాథమిక స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యమున్న హరాత్మకాలు ఒకేసారి పలుకుతుంటాయి. ప్రతి హరాత్మకానికీ తీగ మీద అస్సలు కదలని చోట్లున్నాయి, అవే అస్పందన బిందువులు. పికప్ అలాంటి బిందువు కింద పడితే ఆ హరాత్మకం దానికి అందదు.

మెడ వైపు పికప్‌నే తీసుకోండి. స్ట్రాట్ తీగ పొడవు 25.5 అంగుళాలు. ఆ పికప్ బ్రిడ్జికి దాదాపు 6.4 అంగుళాల దూరంలో, అంటే తీగలో నాలుగో వంతు దగ్గర ఉంది. నొక్కకుండా తీగను మీటితే నాలుగో హరాత్మకానికి అక్కడ అస్పందన బిందువు, కాబట్టి ఆ పికప్‌లో నాలుగో హరాత్మకం దాదాపు వినిపించదు. అదే తీగను ఐదో మెట్టు దగ్గర నొక్కండి. కంపించే పొడవు ముప్పావుకు తగ్గింది, పికప్ ఇప్పుడు మూడో వంతు దగ్గర ఉన్నట్టు. ఈసారి మూడో హరాత్మకం మాయమవుతుంది. పన్నెండో మెట్టుకు వెళ్ళండి. పొడవు సగమైంది, పికప్ సరిగ్గా నడిమధ్యన ఉంది. సరి సంఖ్య హరాత్మకాలన్నిటికీ నడుమ అస్పందన బిందువే. మిగిలేవి బేసివి మాత్రమే. అందుకే అక్కడ ఆ పికప్ నుంచి గుండ్రటి, లోపల ఖాళీ ఉన్నట్టున్న స్వరం వస్తుంది. చేతిలో స్ట్రాట్ ఉన్నవాళ్ళు ఈ అధ్యాయం పక్కన పెట్టి ఒకసారి మీటి చూడండి, చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

బ్రిడ్జి దగ్గరి పికప్ కథ వేరు. తీగ చివర కాబట్టి అక్కడ ప్రాథమిక స్వరం కదలిక చాలా తక్కువ. పై హరాత్మకాలు మాత్రం దండిగా ఉంటాయి. స్వరం పదునుగా, పల్చగా ఉంటుంది. దాన్ని ఏటవాలుగా బిగించారు. సన్న తీగల వైపు బ్రిడ్జికి దగ్గరగా, మందపు తీగల వైపు కొంచెం దూరంగా ఉండేలా. సన్న తీగలకు మెరుపు, మందపు తీగలకు నిండుదనం.

1954 నాటి స్విచ్‌కు మూడే స్థానాలు, ఒక్కో స్థానంలో ఒక్కో పికప్. రెండు పికప్పులు కలిపి వాడాలన్న ఉద్దేశం ఆ స్విచ్‌లో లేదు. కానీ దాన్ని రెండు స్థానాల మధ్య ఆపితే రెండూ ఒకేసారి తగులుతాయని వాద్యకారులు కనిపెట్టారు. జారిపోకుండా పుల్లముక్కలు దోపి వాయించినవాళ్ళున్నారు. రెండు చుట్టలు సమాంతరంగా కలిస్తే ప్రేరకత్వం దాదాపు సగమై అనునాద శిఖరం ఇంకా పైకి పోతుంది. పైగా రెండు చోట్ల నుంచి వచ్చిన సంకేతాల్లో కొన్ని హరాత్మకాలు ఎదురెదురు దశల్లో ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే ముక్కుతో పలికినట్టుండే ఆ స్వరం వేరే ఏ గిటార్‌లోనూ అంత సులువుగా రాదు. ఐదు స్థానాల స్విచ్‌ను కంపెనీ తనంత తానుగా పెట్టింది 1977లో. మరుసటి ఏడాదే డైర్ స్ట్రెయిట్స్ మొదటి ఆల్బంలో మార్క్ నాఫ్లర్ ఆ నడిమి స్వరాన్ని ప్రపంచానికంతా వినిపించాడు. కార్ఖానా ఉద్దేశించని స్వరం ఆ గిటార్‌కు గుర్తింపు ముద్ర కావడం నాకు ఈ చరిత్రలోకెల్లా ఇష్టమైన ఘట్టం.

ఒంటి చుట్ట పికప్‌కు పుట్టుకతో వచ్చిన లోపం గుంయిమనే రొద. గోడల్లోని కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టూ చిమ్మే అయస్కాంత క్షేత్రాన్ని కూడా చుట్ట నమ్మకంగా పట్టుకుంటుంది. అమెరికాలో అది 60 హెర్ట్జ్, మన దగ్గర 50. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో పక్కపక్కన రెండు చుట్టలు పెట్టి, ఒకదాన్ని రెండోదానికి ఎదురు దిశలో కలిపి, అయస్కాంత ధ్రువాలను కూడా తిరగేసి ఈ రొదను అణచాడు. బయటి క్షేత్రం రెండు చుట్టల్లోనూ పుట్టించిన విద్యుత్తు పరస్పరం రద్దవుతుంది, తీగ కదలిక పుట్టించింది కలుస్తుంది. దాంతో పాటు కొంత పై మెరుపు కూడా పోతుంది. స్ట్రాట్ వాయించేవాళ్ళలో చాలామంది ఆ మెరుపు కోసం రొదను భరిస్తున్నారు.

వెనక పలక విప్పితే స్ట్రాట్‌లోని అసలు యంత్రం బయటపడుతుంది. చేతిపిడితో శ్రుతిని ఊపే ఏర్పాటు అది. వాద్యకారులు దాన్ని ట్రెమొలో అంటారు. అప్పటికే అలాంటివి మార్కెట్లో ఉన్నాయి గాని, పిడి వదిలాక తీగలు మళ్ళీ శ్రుతికి వచ్చేవి కావు. తీగ బ్రిడ్జి మీద జారి, రాపిడి వల్ల పూర్తిగా వెనక్కి జరగకుండా ఎక్కడో ఒకచోట చిక్కుకునేది. లియో మొదట ఒక నమూనా చేయించాడు. అందులో తీగలు ఆనే భాగాలు చిన్న చక్రాల్లా దొర్లుతాయి. అచ్చులు, పనిముట్లు సిద్ధమై తయారీకి దిగబోతుండగా వాయించి చూస్తే స్వరం నిలవలేదు. తీగ కొసను కదలకుండా పట్టి ఉంచే బరువు ఆ ఏర్పాటులో లేదు. కంపనశక్తి అక్కడే కారిపోతోంది. అప్పటిదాకా పెట్టిన ఖర్చంతా వదులుకుని అతను దాన్ని పక్కన పడేశాడు. స్ట్రాట్ రాక కొన్ని నెలలు ఆలస్యమైనా పర్లేదనుకున్నాడు.

రెండోసారి చేసిందే ఇప్పటిదాకా ఉంది. ఇందులో బ్రిడ్జి, తీగల మొదలు రెండూ ఒకే దిమ్మగా కలిసి కదులుతాయి, కాబట్టి తీగ బ్రిడ్జి మీద జారే పనిలేదు. బ్రిడ్జి రేకు ముందు అంచు ఆరు స్క్రూల దగ్గర ఆని కీలులా తిరుగుతుంది. రేకు కింద ఉక్కు దిమ్మ వేలాడుతుంది. దాని జడత్వం వల్ల తీగ కొస గట్టిగా నిలిచి స్వరం సాగుతుంది. ముందునుంచి ఆరు తీగలూ కలిసి సుమారు 45 కిలోల బలంతో లాగుతుంటే, వెనక గుంతలోని స్ప్రింగులు అంతే బలంతో అటు లాగుతుంటాయి. స్ప్రింగులు ఐదు దాకా పెట్టుకోవచ్చు. పిడి నొక్కితే తీగల తన్యత తగ్గుతుంది. పౌనఃపున్యం తన్యత వర్గమూలాన్ని బట్టి మారుతుంది కనుక, తన్యత ఐదో వంతు తగ్గితే స్వరం సుమారు రెండు మెట్లు దిగుతుంది. వదిలేస్తే రెండు బలాలూ మళ్ళీ సమానమైన చోట ఆగుతుంది. ఈ సమతౌల్యానికి మూల్యమూ ఉంది. వాయిస్తుండగా ఒక తీగ తెగితే లాగే బలం తగ్గి స్ప్రింగులు గెలుస్తాయి, మిగతా ఐదు తీగలూ ఒక్కసారిగా శ్రుతి పెరుగుతాయి. ఈ బాధ పడలేక గుంతలో చెక్కముక్క బిగించి దిమ్మను కదలకుండా చేసుకున్నవాళ్ళున్నారు. ఎరిక్ క్లాప్టన్ కూడా అలాగే చేశాడు. గిటార్‌లోని అతి గొప్ప యంత్రాన్ని వద్దనుకున్నా ఆ గిటార్ అతనికి పనికొచ్చింది.

ఆకారం సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. లియో దగ్గర 1953లో చేరిన ఫ్రెడ్డీ టవారెస్ హవాయి వాద్యకారుడు, డిజైన్లు గీయడంలో దిట్ట. బాడీ రూపురేఖలు అతను గీసినవే. పొట్ట తగిలే చోట, ముంజేయి ఆనే చోట చెక్కను చెక్కేసి కార్సన్ గోడు తీర్చారు. పైకొమ్ము పొడవుగా ఉండడం అందానికే కాదు. పట్టీ తగిలించే గుండీ పన్నెండో మెట్టు దాకా జరగడం వల్ల గిటార్ మెడవైపు వాలిపోకుండా నిలుస్తుంది. శాడిళ్ళు ఆరయ్యాయి. మెడను జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించారు. అరిగిన మెడను తీసి కొత్తది వేసుకోవడం పది నిమిషాల పని. రంగులు కార్లకు వేసే డ్యూపాంట్ పెయింట్లు. ట్రెమొలోతో కలిపి ధర 249.50 డాలర్లు.

1957లో బడ్డీ హాలీ ఆల్బం అట్ట మీద, 1960కల్లా ఇంగ్లండులో హ్యాంక్ మార్విన్ చేతిలో ఈ గిటార్ కనిపించింది. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్‌లో జిమి హెండ్రిక్స్ వాయించింది తెల్లటి స్ట్రాట్. అతనిది ఎడమచేతి వాటం. కుడిచేతి గిటార్‌నే తలకిందులు చేసి, తీగల వరస మార్చి కట్టుకునేవాడు. దాంతో ఏటవాలు పికప్ కూడా తిరగబడింది. మందపు తీగలు బ్రిడ్జికి దగ్గరగా, సన్నవి దూరంగా వినబడసాగాయి. అంటే డిజైనులో అనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం. మందపు తీగల్లో బిగువు, సన్న తీగల్లో మెత్తదనం వచ్చాయి. గట్టి చెక్క తప్పించిన కూతను కూడా అతను తిరిగి పిలిచాడు. ఆంప్‌ను పూర్తిగా పెంచి దాని ముందు నిలబడితే ధ్వని తీగనే ఊపుతుంది, స్వరం ఆగకుండా సాగుతుంది. నిలబడే చోటు, తిరిగే కోణం మారిస్తే ఏ హరాత్మకం లేస్తుందో మారుతుంది. దశాబ్దాలుగా ఇంజనీర్లు శత్రువుగా చూసిన దాన్ని అతను వాద్యంలో భాగం చేసుకున్నాడు.

1965 జనవరిలో లియో తన కంపెనీని సీబీఎస్ సంస్థకు 130 లక్షల డాలర్లకు అమ్మేశాడు. గిటార్ తల పెద్దదైంది, 1971లో మెడ స్క్రూలు నాలుగు నుంచి మూడయ్యాయి, నాణ్యత పడిపోయిందన్న మాట పాకింది. పాత గిటార్ల మీద మోజు అప్పుడు మొదలై ఇంకా తగ్గలేదు. అందులో భౌతికశాస్త్రం ఎంత, మమకారం ఎంత?

పికప్‌కు చెక్క కనిపించదు. దానికి తెలిసేది తీగ కదలిక ఒక్కటే. చెక్క ప్రభావం తీగలోని శక్తిని ఎంత వేగంగా తాగేస్తుందన్న దాని మీదుగానే రావాలి. మెడ విషయంలో అది కొలతకు అందుతుంది. కొన్ని పౌనఃపున్యాల దగ్గర మెడ సులువుగా ఊగుతుంది, ఆ స్వరాలు చప్పున ఆరిపోతాయి. వాద్యకారులు వాటిని డెడ్ స్పాట్లు అంటారు. బాడీ చెక్క ప్రభావం దీనికన్నా చాలా తక్కువని నా నమ్మకం. 1956లో ఏష్ చెక్క నుంచి ఆల్డర్‌కు మారినప్పుడు ఆకాశం విరిగిపడలేదు. ఆల్నికో అయస్కాంతాలు కూడా ఏళ్ళ తరబడి బలం నిలుపుకుంటాయి. కాలం వాటిని తియ్యగా చేసిందన్న మాటకు ఆధారం పల్చన. వయొలిన్ల విషయంలో ఒక చక్కటి ప్రయోగం ఉంది. 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలినిస్టులకు నల్ల కళ్ళద్దాలు పెట్టి మూడు కొత్త వయొలిన్లు, మూడు పాత ఇటలీ వయొలిన్లు ఇచ్చారు. పాతవాటిలో రెండు స్ట్రాడివారివి. ఏది ఇంటికి తీసుకెళ్తారని అడిగితే ఎక్కువమంది కొత్తదాన్నే ఎంచుకున్నారు. ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. 1954లో చేసినవాటిలో బాగా పలకని గిటార్లను ఎవరూ అపురూపంగా దాచుకోరు. డెబ్బై ఏళ్ళ వడపోతలో నిలిచినవాటిని చూసి ఆ రోజుల్లో అన్నీ అంత బాగుండేవనుకోవడం పొరపాటు.

ఏ భాగమూ మార్చని పాత గిటార్‌కే విలువని సంగ్రాహకులు అంటారు. వేలంపాటలు వేరే కథ చెబుతున్నాయి. 1970లో క్లాప్టన్ నాష్‌విల్‌లో పాత స్ట్రాట్‌లు అరడజను కొని, కొన్ని స్నేహితులకు పంచి, మిగతా మూడింటి మంచి భాగాలు కలిపి ఒకటి చేయించుకున్నాడు. ఒకదాని మెడ, ఇంకోదాని బాడీ. నల్లగా ఉంటుంది కాబట్టి దాన్ని బ్లాకీ అన్నారు. 2004లో అది 9,59,500 డాలర్లు పలికింది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్‌మోర్ తన నల్ల స్ట్రాట్‌కు మెడలు చాలాసార్లు మార్చాడు, పికప్పులు మార్చాడు, ఒకప్పుడు ట్రెమొలో తీసేసి వేరేది పెట్టి మళ్ళీ పాతదానికే వచ్చాడు. చెక్కలో అందుకోసం తవ్విన చోటు పూడ్చిన గుర్తులున్నాయి. 2019లో క్రిస్టీస్ వేలంలో దాని ధర 39,75,000 డాలర్లు. లియో బిగించిన స్క్రూలే లేకపోతే ఈ రెండు గిటార్లూ ఉండేవి కావు.

నకళ్ళ సంగతీ ఇంతే. ఈ ఆకారంలో గిటార్లు ప్రపంచమంతా ఎంతోమంది చేస్తుండడం చూసి బాడీ రూపాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేయాలని ఫెండర్ కంపెనీ కోరింది. ఆ రూపం అప్పటికే అందరిదీ అయిపోయిందని అమెరికా ట్రేడ్‌మార్కు బోర్డు 2009లో తోసిపుచ్చింది.

లియో ఫెండర్‌కు మాత్రం స్ట్రాటోకాస్టర్ ఎప్పుడూ దాటి వెళ్ళవలసిన మజిలీయే. నాలుగేళ్ళు తిరగకుండానే జాజ్‌మాస్టర్ చేసి దానికంటే పై స్థానంలో, ఎక్కువ ధరకు పెట్టాడు. కంపెనీ అమ్మేశాక కూడా ఊరుకోలేదు. 1980ల్లో జీ అండ్ ఎల్ అనే సొంత సంస్థలో కూర్చుని తన పాత తప్పులు దిద్దుకున్నాడు. వాటిలో ఒకటి చూడండి. 1954లో మూడో తీగ కూడా సన్న ఉక్కు తీగ మీద మరో తీగ చుట్టిన రకం. లోపలి ఉక్కు పల్చన కనుక పికప్‌లో దాని సంకేతం బలహీనం. అందుకే దాని కింది ఆల్నికో కడ్డీని మిగతావాటికంటే ఎత్తుగా పెట్టారు. 1960ల్లో తీగ లాగి వాయించడానికి వీలుగా ఒంటి ఉక్కు మూడో తీగ వాడుకలోకి వచ్చింది. ఉక్కు ఎక్కువైంది, కడ్డీ ఎత్తు అలాగే ఉంది, ఆ తీగ మిగతావాటిని మించి మోగసాగింది. జీ అండ్ ఎల్ పికప్‌లో ఒక్కో కడ్డీ ఎత్తూ మరతో విడిగా సర్దుకోవచ్చు. సంకేతమూ బలంగా వస్తుంది. తాను చేసిన గిటార్లలో ఇవే మేలైనవని లియో చెప్పాడు, 1991 మార్చిలో చనిపోయేదాకా వాటి మీదే పనిచేశాడు. ఆ ఏళ్ళలోనే ఫెండర్ కంపెనీ 1957, 1962 నాటి స్ట్రాట్‌లను మళ్ళీ యథాతథంగా తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. వాటి పికప్పుల్లో మూడో కడ్డీ ఎత్తుగానే ఉంటుంది. కొనేవాళ్ళు అలాగే కావాలంటున్నారు.